ఒంటి ఇంజను విమానం

ఆ సాయంత్రం కళాశాలనుంచి వచ్చి చొక్కా కొక్కేనికి తగిలించానో లేదో, పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉన్నది. కొడుక్కి వైమానిక దళంలో శిక్షణకు పిలుపు వచ్చింది. ఇంటిల్లిపాదీ కొండకు నడిచివెళ్లి మొక్కు తీర్చుకొని వచ్చారు. అయినా ఆమె ముఖంలో సంతోషంకంటె దిగులే ఎక్కువగా ఉన్నది.

"అన్నా, వీడు నేర్చుకునే ఇమానానికి ఒకటే ఇంజనంట గదా! నడిమిట్లో అది నిలిచిపోతే నా బిడ్డ గతేమి? ఇప్పుడు మనోళ్లే కొత్తది చేస్తా ఉండారంట. పాతది మేలా, కొత్తది మేలా? నువ్వు సదువుకున్నోడివి, చెప్పు" అన్నది.

నేను చదువుకున్నది తెలుగు. నాకు పరిచయమున్న విమానం పుష్పకం ఒక్కటే. "కనుక్కొని చెబుతానమ్మా" అని అప్పటికి తప్పించుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆదివారం చిత్తూరు, పలమనేరు మీదుగా పోయే బస్సెక్కి, బెంగుళూరులో విమానాల పని తెలిసిన నా పూర్వవిద్యార్థి ఇంట్లో దిగాను.

"ముందు పాత కథ వినండి సార్" అన్నాడతడు.

మన కుర్రవాళ్లు చాలాకాలం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెచ్.పి.టి.-32 'దీపక్' మీద ఓనమాలు దిద్దుకున్నారు. దానిది మోటారుకారులో వలె పిస్టన్ల ఇంజను. గాలిలో ఆగిపోతుందని దానికి చెడ్డపేరు. ఆపదలో పైలటును బయటికి విసిరి కాపాడే సీటు కూడా అందులో లేదు. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ఆ తర్వాత ఆ విమానాలను నేలమీదనే నిలిపివేశారు.

అప్పుడు విదేశాలలో వెదికారు. కొరియా కె.టి.-1, అమెరికా టి-6, స్విట్జర్లాండు పిలాటస్ పి.సి.-7 మార్క్ 2 పోటీకి నిలిచాయి. 2012లో పిలాటస్ నెగ్గింది. కొన్నవి 75. హైదరాబాదు దగ్గరి దుండిగల్ అకాడమీలో 2013లో వాటిపై చదువు మొదలైంది.

ఈలోగా హిందుస్థాన్ సంస్థ సొంత సొమ్ముతో హెచ్.టి.టి.-40 అనే మరో విమానానికి పూనుకున్నది. వైమానిక దళం మొదట దీనికి సుముఖంగా లేదు. ఎగురుతున్న మంచి విమానం చేతిలో ఉండగా, కాగితంమీది విమానంకోసం కాచుకోవడమెందుకు? తప్పుపట్టగలమా? దీపక్‌ను చేసినవారూ వీరే గదా!

"మరి కొత్తది నెగ్గేదెట్లా?" అని అడిగాను.

"రెండూ టర్బోప్రాప్ జాతివే సార్. మండిన ఇంధనంలోనుంచి పుట్టిన వేడిగాలి చక్రాలను తిప్పుతుంది. ఆ తిప్పుడే ముందున్న పంకాకు అందుతుంది. పిలాటస్‌లో గాలిని లోపలికి తోసే చక్రానికీ, పంకాను తిప్పే చక్రానికీ ఇరుసులు వేరు. ఒక పంకాగాలికి ఎదుటి పంకా తిరిగినట్లన్నమాట. మనదానిలో అన్నీ ఒకే ఇరుసుమీద. అందువల్ల పైలటు బలమడిగిన మరుక్షణం పంకా అందుకుంటుంది. వారిది 700 గుర్రాల బలమైతే మనది 950. అయితే వారి ఇంజను కెనడాది, మన ఇంజను అమెరికాది."

బలం సరే, భద్రత మాటేమి? బయటికి విసిరే సీటు రెండింటిలోనూ ఉన్నది. మనదానిలోది విమానం నేలమీద నిలిచి ఉన్నా పనిచేసే రకం. కాని అసలు పరీక్ష 'స్పిన్'. వేగం చచ్చిన విమానం బొంగరంలాగా తిరుగుతూ కిందికి పడడం అది. నేర్చుకునేవాణ్ని కావాలనే అందులో పడవేసి, బయటపడడం నేర్పుతారు. 2016 మే 31న తొలిసారి ఎగిరిన హెచ్.టి.టి.-40 ఈ పరీక్షకు ఏండ్లు తీసుకున్నది. తోకను మార్చారు, మళ్లీ తిప్పి చూశారు. ఎడమకు ఆరు చుట్లు, కుడికి ఆరు చుట్లు తిరిగి, క్షేమంగా బయటపడ్డాకనే గురి కుదిరింది. 2023 మార్చిలో సుమారు 6,800 కోట్ల రూపాయలకు 70 విమానాల ఒప్పందం జరిగింది. 2025 అక్టోబరు 24న ఆ వరుసలో మొదటిది బెంగుళూరు ఆకాశంలో ఎగిరింది.

పేరు మోసినంత మాత్రాన ఏ విమానమూ చిరంజీవి కాదు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరిని బలిగొన్నది పిలాటసే. స్వదేశీ అయినంత మాత్రాన నమ్మనూ కూడదు. దీపక్ స్వదేశీయే గదా. తొందరపడకుండా తోక సరిదిద్దిన ఆ ఏండ్లే కొత్తదానికి నిజమైన యోగ్యతాపత్రమని నాకు తోచింది.

తిరిగివచ్చి పక్కింటావిడకు ఉన్నదున్నట్లు చెప్పాను. "ఇంజను ఆగినా రెక్కలుంటాయమ్మా, ఎత్తున ఉంటే జారుకుంటూ దిగవచ్చు. అదీ కుదరకుంటే సీటు ఉన్నది. ప్రమాదమే రాదని మాత్రం ఎవరూ ప్రమాణం చేయలేరు. పాతదైనా కొత్తదైనా, వాడికి ముందు నేర్పేది పడి లేవడమే."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో కళ్లొత్తుకొని, "నడక నేర్చేటప్పుడు గూడా ఎన్ని తూర్లు పడినాడో! పడతాడని పట్టుకొనే కూర్చుంటినా?" అన్నది. "సరేలే అన్నా, పొయ్యిమీద నూనె పెట్టినాను. వాడికి మురుకులు చేసియ్యాల."