షిఫ్టు మారితే అన్నం వేళ కూడా మారాలి

కొన్ని నెలల క్రితం ఒక తెల్లవారుజామున, మూడున్నర గంటలప్పుడు, ఇద్దరు కుర్రవాళ్లు ఒకాయనను మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకొని మన ఆసుపత్రికి తీసుకువచ్చారు. ఆ రాత్రి నేను రౌండ్స్‌లో ఉన్నాను. ఆయనకు నలభై అయిదేళ్లుంటాయి. చొక్కా పిండితే నీళ్లు కారేటంత చెమట. కళ్లు తెరిచే ఉన్నా మనల్ని గుర్తు పట్టడం లేదు, మాట తడబడుతోంది. "తాగి డ్యూటీకి వచ్చాడనుకొని ఓ పక్కన పడుకోబెట్టినం మేడం. ఎంతసేపటికీ లేస్తలేడని తెచ్చినం" అన్నారు కుర్రవాళ్లు. నోట వాసనేమీ లేదు. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే షుగరు 38. డాక్టరుగారి ఆదేశంతో నరానికి గ్లూకోజు ఎక్కించాము. పది నిమిషాలకు లేచి కూర్చొని, "షిఫ్టు అయిపోయిందా?" అని అడిగాడు.

తెల్లవారాక భార్య వచ్చింది. అప్పుడు సంగతి తెలిసింది. ఆ సోమవారమే ఆయన ఉదయం షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకు మారాడు. అలవాటు ప్రకారం రాత్రి ఎనిమిదింటికి షుగరు మాత్ర వేసుకున్నాడు. పగలు సరిగా నిద్ర లేక ఒక కునుకు తీశాడు. లేచేసరికి కంపెనీ బస్సు వేళ అయింది. "బస్సు పోతదని తినకుండనే ఉరికిండు సిస్టరమ్మా. క్యాంటీన్ల తింటలే అన్నడు" అని ఆమె ఏడ్చింది. క్యాంటీనులో ఆయనకు దొరికింది ఒక టీ మాత్రమే. మాత్ర తన పని తాను చేసింది, కడుపులో అన్నం లేదు.

పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం, సంగారెడ్డి వైపు నుంచి మన ఓపీకి వచ్చేవారిలో చాలామంది ఇలా వారం వారం షిఫ్టు మారేవారే. మూడు పూటలా వేళకు తినండి అని మేము చీటీ మీద రాసి ఇస్తాము. ఏ మూడు పూటలు? రాత్రి పదింటికి పనిలోకి వెళ్లి ఉదయం ఆరింటికి దిగే మనిషికి పొద్దున అంటే ఎప్పుడు? మేము కూడా ఆ ప్రశ్న అడగకుండానే చాలా ఏళ్లు చీటీలు రాశాము.

దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించింది. వారందరికీ ఒకే మందు కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం మందు పడ్డాక తిండి తప్పించకూడదు. మీది ఏ రకమో తెలియకపోతే మాత్రల అట్ట తెచ్చి మా సిస్టర్లను అడగండి, సిగ్గుపడవలసినది లేదు.

షుగరు పడిపోయేటప్పుడు చెమట, చేతులు వణకడం, గుండె దడ, విపరీతమైన ఆకలి, కారణం లేని కోపం కనిపిస్తాయి. మీటరులో 70 కంటే తక్కువ వస్తే అదే. మూడు చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మరోసారి ఇవ్వాలి. తేరుకోగానే రొట్టెగానీ అన్నంగానీ తినిపించాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఈ ముక్క రోగికంటే అతని పక్కన పనిచేసేవారికి తెలియడం ఎక్కువ అవసరం.

ఇక రాత్రి షిఫ్టు తిండి సంగతి. ముఖ్యమైన భోజనం ఇంట్లో, బస్సెక్కే ముందే అయిపోవాలి. బస్సు తొమ్మిదింటికైతే ఎనిమిదింటికే కంచం ముందు కూర్చోవాలి. అర్ధరాత్రి దాటాక మన శరీరం చక్కెరను పగటిలాగా సంభాళించలేదు. అందుకే ఒంటిగంటకు కడుపు నిండా బిర్యానీ తింటే షుగరూ పెరుగుతుంది, నిద్రా ముంచుకొస్తుంది. ఆ వేళకు ఒక జొన్న రొట్టె, కూర, లేదా ఉడికించిన గుడ్డు, గుప్పెడు శనగలు చాలు. ఇంటికి వచ్చాక ఖాళీ కడుపుతో పడుకోవద్దు, పొట్ట పగిలేలా తిని కూడా పడుకోవద్దు. మాత్ర వేళ మార్చడం మీ అంతట మీరు చేయవద్దు, అది డాక్టరుగారు చెప్పాలి.

నేను చెప్పేది పుస్తకంలో చదివి కాదు. నైట్ డ్యూటీలు చేసిన ఏళ్లలో కుడి చేత్తో ఛార్టు రాస్తూ ఎడమ చేత్తో టీలో రస్కు ముంచుకొని తిన్నదాన్ని. ఎన్ని తిన్నానో ఎప్పుడూ లెక్క లేదు. నడుము కొలత మాత్రం లెక్క చెప్పింది.

ఆ లెక్క టీకి కూడా వేయండి. కప్పుకు ఒకటిన్నర చెంచా చక్కెర అనుకున్నా ఆరు కప్పులకు తొమ్మిది చెంచాలు, సుమారు 40 గ్రాములు. రోజంతటికీ 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. టీ మానమని నేను అనను, చలికాలం రాత్రి మిషను దగ్గర నిలబడేవారికి అదొక్కటే ఓదార్పు. చక్కెర సగం చేయండి. ఆడవాళ్లకు ఇంకొక మాట. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరలోని, పప్పులోని ఇనుము ఒంటబట్టదు. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. కనుక భోజనానికీ టీకి మధ్య గంట ఎడం ఉంచండి. ప్యాకింగు పనికి వెళ్లొచ్చి, అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తినే తల్లులు మన సంఘంలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

జొన్న రొట్టె అనగానే కొందరు "అన్నం మానేయాలా?" అని భయపడతారు. మానవలసిన పని లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఈ మెతుకు సీమలో జొన్న రొట్టె, గటక మెల్లగా పక్కకు పోయాయి. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. లెక్క వేస్తే రోజుకు 200 గ్రాములు. ఎక్కువ శ్రమ లేని పెద్దవారికి అన్ని ధాన్యాలూ కలిపి రోజుకు సుమారు 250 గ్రాములు చాలని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. అంటే బజారులో ఇంకో బియ్యం బస్తా కొనే బదులు ఆ డబ్బు జొన్నలకు, పప్పుకు, కూరగాయలకు పెట్టవచ్చు. కూరగాయలు 400 గ్రాములు తినాలని కూడా ఆ సంస్థే చెప్పింది. మన కంచాల్లో లోటంతా అక్కడే ఉంది.

జొన్ననూ దేవుణ్ణి చేయకండి. 1972 నుంచి మన పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జల మీద పరిశోధన జరుగుతోంది, 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకొంది, అంతా సంతోషమే. కాని 1960 ప్రాంతంలో ఈ దక్కను ప్రాంతంలో జొన్న తప్ప వేరే దొరకని పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బును హైదరాబాదు పోషకాహార శాస్త్రవేత్తలు వివరించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడేది, విరేచనాలయ్యేవి, మతి తప్పేది. రొట్టె పక్కన పప్పు, పల్లీలు, పాలు, పుంటికూర ఉంటే ఆ బాధ లేదు. పెద్దలు రొట్టెకు పల్లి కారం నంజుకున్నది ఊరికే కాదు.

నెమ్మదిగా తినండి అంటే అందరూ నవ్వుతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే అయిదు గంటల పని దాటకముందు కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. ఆ అరగంటలో చేతులు కడుక్కోవడం, లైనులో నిలబడడం పోగా తినడానికి పన్నెండు నిమిషాలు మిగులుతాయి. కడుపు నిండిందని మెదడుకు తెలియడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. అందుకే వరుస మార్చండి. ముందు కూర, పప్పు, ఆ తరువాత అన్నం. క్యాంటీను పళ్లెంలో పెద్ద గుంట అన్నానికీ, చిన్న గుంట కూరకూ ఉంటుంది. ఇంటి నుంచి కూర డబ్బా ఒక్కటి తెచ్చుకొని ఆ గుంటలను తారుమారు చేయండి. ఫోను జేబులోనే ఉండాలి. ఫోను చూస్తూ తినేవారు ఎక్కువ తింటారు, తిన్నది గుర్తుండక తరువాతి పూట కూడా ఎక్కువే తింటారు. ఇంట్లో సీరియలు ముందు కంచం పెట్టుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. మధ్యలో ఆకలైతే బజ్జీకి బదులు మన సంగారెడ్డి జామకాయ ఉంది కదా.

శ్రమల కాలంలో ఉపవాసం ఉండే షుగరు రోగులు మొదలుపెట్టే ముందే వచ్చి మోతాదు సంగతి మాట్లాడండి. ఉపవాసం నాడు అన్నం మానేసి మాత్ర మాత్రం వేసుకున్నవారిని కూడా మేము స్ట్రెచరు మీద చూశాము.

ఆనాడు వచ్చినాయన మొన్న ఓపీకి వచ్చాడు. భార్య ఇంట్లో మాత్రల డబ్బా మూతకు షిఫ్టు కాగితం అంటించిందట. ఒక్కో షిఫ్టు పక్కన తినే వేళ, దాని పక్కన మాత్ర వేళ, డాక్టరుగారు చెప్పినట్టు. జేబులో చక్కెర పొట్లం తీసి చూపించాడు. మీరు కూడా వచ్చేటప్పుడు మాత్రల కవరుతో పాటు ఆ నెల షిఫ్టు కాగితం తెండి. మధుమేహ ఓపీలో ఉండే సిస్టరు మీ పక్కన కూర్చొని వేళలు రాసి పెడుతుంది. దానికి ఫీజు లేదు.