ఎక్కడ తినాలని కాదు, ఎప్పుడు తినాలని అడగండి

కరీంనగర్ టవర్ సర్కిల్‌లో గడియార స్తంభం చుట్టూ పొద్దంతా బట్టల బేరాలు, బంగారం బేరాలు. పొద్దుగూకితే మిర్చి బజ్జీల బండ్లు. ఇక్కడ మంచి తిండి ఎక్కడ దొరుకుతుందని అడిగితే అది సగం ప్రశ్నే. ఏ నెల, ఏ కార్తె, ఏ పూట అన్నది మిగతా సగం. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో చిన్న జిల్లాలుగా విడిపోయినా, వాటి తిండి లెక్క మాత్రం ఇప్పటికీ ఉమ్మడిదే.

పత్తి బండ్లకు పోహా

ఆదిలాబాద్ పట్నంలో పొద్దుటి పలహారం ఇడ్లీ ఒక్కటే కాదు, పోహా కూడా. పెన్‌గంగ దాటితే మహారాష్ట్రే కదా! యవత్మాల్, చంద్రపూర్ రుచులు పత్తి వ్యాపారంతో పాటే ఇటు వచ్చాయి. చలికాలం మొదట్లో పత్తి మార్కెట్ యార్డు తెరిచాక తెల్లవారుజామునే బండ్లు వరుస కడతాయి. పోహా, ఛాయ్ అమ్మేవాళ్లకు అదే సీజను.

పొద్దున ఏడుకు రాత్రి భోజనం

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ సింగరేణి గనుల్లో పొద్దున 7కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 11కు షిఫ్టు మారుతుంది. బాయి దిగేవాళ్లు ఎదురొస్తుంటే బాయి ఎక్కి వచ్చేవాళ్లు ఇంటిదారి పడతారు. రాత్రి పాళీ చేసినవాళ్లకు పొద్దుటి పూరీ పలహారం కాదు, పడుకునే ముందు తినే చివరి తిండి. అందుకే బొగ్గు ఊళ్లలో హోటళ్లు సూర్యుణ్ని చూసి కాదు, సైరన్ విని పొయ్యి వెలిగిస్తాయి.

గంటగంటకూ మారే కల్లు

తాటికల్లు లొట్టిలోకి కారడం మొదలైన క్షణం నుంచే పులుస్తుంది. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్టు చక్కెరను పట్టుకుంటుంది. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపు, మత్తు రెండూ పెరుగుతాయి. అదే లొట్టికి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరా అవుతుంది. మండువలో తాటి రేకను దోసిట్లో పట్టి తాగే పాతకాలపు పద్ధతి పల్లెల్లో ఇంకా ఉంది. చెట్టు ఎంత ముఖ్యమో, దించిన వేళ కూడా అంతే ముఖ్యమని గీత కార్మికులను అడిగితే చెప్తారు.

తొందర పడనివ్వని సర్వపిండి

బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి గంజు అడుగున తట్టి, వేలితో చిల్లులు పెట్టి, అందులో నూనె చుక్కలు వేస్తే సర్వపిండి. చిల్లులు అందం కోసం కాదు, నూనె అడుగుదాకా దిగి కరకరలాడేలా కాల్చడానికి. రెండోది చేయాలంటే గంజును బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి. వేడి గంజులో తడితే చేయి కాలుతుంది, పిండి అంటుకోదు. నలుగురు చుట్టాలొచ్చిన ఇంట్లో రెండు గంజులు ఉండక తప్పదు.

పళ్లెంలో పరిశోధన

మీల్స్ హోటల్లో వడ్డించే సన్నన్నం ఎక్కడిదో ఎప్పుడైనా అడిగారా? జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి జేజీఎల్ 1798 అనే వరి వచ్చింది. రైతులు దాన్ని జగిత్యాల సన్నాలు అంటారు. సాంబ మసూరి పోలికలున్న సన్న గింజే కానీ ఉల్లికోడును తట్టుకుంటుంది. ఒక ఊరి పేరు ఇలా అన్నం మెతుకుకు ఎక్కింది.

రాత్రి రాలి, పొద్దున ఏరి

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు తెల్లవారకముందే రాలుతుంది. ఎండ ముదరక ముందే ఏరి ఎండబెట్టాలి. ఇప్ప అనగానే సారా గుర్తొచ్చేవాళ్లకు ఉట్నూరు గిరిజన మహిళల ఇప్పపువ్వు లడ్డూ ఒక జవాబు. ఆశ్రమ పాఠశాలల పిల్లల్లో రక్తహీనత తగ్గించడానికి ఈ లడ్డూలు పంచారు. 2025 మార్చి 'మన్ కీ బాత్'లో ప్రధాని కూడా ఆదిలాబాద్ ఇప్పపువ్వు వంటకాల ప్రస్తావన తెచ్చారు.

మృగశిర నాడు చేపే

జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె మొదలైన రోజున చేపల మార్కెట్లో కాలు పెట్టే చోటుండదు. రోహిణి ఎండలు పోయి వానలు తగిలే వేళ చేప తింటే ఒంటికి వేడి నిలుస్తుందని పెద్దల నమ్మకం. పట్నాన్ని ఆనుకునే దిగువ మానేరు జలాశయం ఉన్న కరీంనగర్‌కు ఈ పండుగ సులువు. బేరంలో రాజు మాత్రం కొర్రమట్ట. తెలంగాణ రాష్ట్ర చేప అదే. నేరుగా గాలి పీల్చగలదు కాబట్టి తట్టలో బతికుండగానే అమ్ముతారు, ధర కూడా ఆ మేరకు ఎగురుతుంది.

వానాకాలం రెండు రుచులు

తొలి ఏకాదశికి పేలపిండి. వేయించిన పేలాలు దంచి బెల్లం, యాలకులు కలుపుతారు. తర్వాత మక్కలు పాలుపోసుకుని గట్టిపడే సమయానికి మక్క గారెలు. కంకి మరీ లేతదైతే గారె నూనె తాగుతుంది, ముదిరితే రాయవుతుంది. సరైన కంకి దొరికేది ఏడాదిలో కొద్ది వారాలే. మిగతా నెలల్లో బండి మీద 'మక్క గారెలు' అని రాసి ఉన్నా కాస్త అనుమానించండి.

నల్లి బొక్క మీద సినిమా

దసరాకు యాటను కోసి పోగులేసుకుని పంచుకోవడం ఇక్కడి పద్ధతి. ఎవరి పోగులో ఏ ముక్క పడింది, విందులో ఎవరి కంచంలోకి నల్లి బొక్క వచ్చింది అన్నది మర్యాద లెక్క. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' సినిమాలో బావా బామ్మర్దులు ఏళ్ల తరబడి మాట్లాడుకోకపోవడానికి కారణం ఆ నల్లి బొక్కే. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల. ఆ ప్రాంతపు పల్లెల్లోనే తీశారు. ఇక్కడివాళ్లకు ఆ పంచాయతీ అతిగా అనిపించదు.

సంక్రాంతికి సకినాలు

నానబెట్టిన బియ్యం పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్ల గుడ్డ మీద వేళ్లతో చుట్లు చుట్లుగా తిప్పితే సకినం. కాస్త ఆరాకే నూనెలో పడాలి. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు, వాడకట్టు ఆడవాళ్లంతా ఒకరింట్లో కూర్చుంటారు. పెళ్లయిన బిడ్డకు పుట్టింటి సారెలో సకినాలు లేకపోతే మాట పడాల్సిందే.

నూనె తాగే జాతర

ఆదిలాబాద్ జిల్లా నార్నూరులో పుష్య పౌర్ణమికి ఖాందేవ్ జాతర. తొడసం వంశపు ఆడపడుచు దేవుడి ముందు ఇంట్లో తీసిన నువ్వుల నూనెను రెండు కిలోల దాకా తాగుతుంది. ఒకసారి మొదలుపెట్టిన ఆడపడుచు మూడేళ్లు వరుసగా ఈ మొక్కు తీర్చాలి. 1961 నుంచి నడుస్తున్న ఆచారమని వంశస్థులు చెప్తారు. చూడటానికి వెళ్లండి, ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి.

వేలమందికి 22 పొయ్యిలు

అదే పుష్యంలో అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. మెస్రం వంశీయులు గోదావరి జలం తెచ్చి పూజ చేస్తారు. ఎన్ని వేలమంది వచ్చినా వంశమంతా 22 పొయ్యిల మీదే, వంతులవారీగా వండుకోవాలి. పొయ్యి పెంచుకోవడం కుదరదు, వేచి ఉండటమే కుదురుతుంది.

ప్రతి ఏటా జరిగే హలీం

చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అంటే హలీం భట్టీ ఒకసారి ఎండాకాలంలో, కొన్నేళ్లకు చలికాలంలో వెలుగుతుంది. 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టివస్తుంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది హైదరాబాద్ హలీమే అయినా, రంజాన్ సాయంత్రాల్లో కరీంనగర్ వీధులకూ దాని వాసన తెలుసు.

బతుకమ్మ అలిగిన రోజు

పెత్రమాస నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మకు రోజుకో నైవేద్యం. అటుకులు ఒకనాడు, ముద్దపప్పు ఒకనాడు, నానబియ్యం, అట్లు, వేపకాయల ఆకారంలో చేసిన పిండి వంట, వెన్నముద్దలు... ఆరోనాడు మాత్రం ఏమీ ఉండదు. అది అలిగిన బతుకమ్మ. మీరు చుట్టంగా పోదలచుకుంటే ఆ రోజు వదిలేసి తొమ్మిదోనాడు పొండి. పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది, పైన మలీద ముద్ద. సద్దుల నాడు వాడకట్టులో ఏ ఇంటి ముందు నిలబడినా ఖాళీ చేతులతో పంపరు.