ఆర్థిక మాంద్యంలో హరిత సాంకేతికత: చైనా అనుభవం – వ్యవసాయానికి దాని ప్రాసంగికత

ఆర్థిక మాంద్యం ఏర్పడినప్పుడు పర్యావరణ పరిరక్షణపై వ్యయాన్ని ప్రభుత్వాలు తగ్గించుకోవడం సాధారణం. చైనా రెండు సందర్భాలలో ఇందుకు భిన్నంగా వ్యవహరించింది. హరిత సాంకేతికతను భారంగా గాక, పడిపోయిన గిరాకీని భర్తీ చేయగల పెట్టుబడిగా పరిగణించింది. ఆ విధానపు ఫలితాలను, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం వలన చైనా ఎగుమతులు క్షీణించాయి. అదే సంవత్సరం నవంబరులో ప్రభుత్వం 4 లక్షల కోట్ల యువాన్ల ఉద్దీపన పథకాన్ని ప్రకటించింది. ఇందులో సుమారు 21,000 కోట్ల యువాన్లను ఇంధన పొదుపునకు, కాలుష్య నివారణకు, పర్యావరణ పనులకు కేటాయించారు. 2009లో పవన విద్యుత్తుకు ప్రాంతాల వారీగా స్థిర ధరలు నిర్ణయించారు. 2010 నాటికి పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో చైనా అమెరికాను అధిగమించింది. అప్పటివరకు ప్రధానంగా ఐరోపాకు ఎగుమతి అవుతున్న సౌర ఫలకాలకు 2011లో ప్రకటించిన జాతీయ కొనుగోలు ధర స్వదేశీ విపణిని కల్పించింది.

2021 నుండి స్థిరాస్తి రంగం కుంగిపోవడంతో రెండవ మార్పు ఆరంభమైంది. బ్యాంకు రుణాలు గృహనిర్మాణం నుండి తయారీ రంగం వైపు మళ్లాయి. విద్యుత్ వాహనాలు, లిథియం బ్యాటరీలు, సౌర ఉత్పత్తులు "కొత్త మూడు"గా ప్రసిద్ధి చెందాయి. 2023లో వీటి ఎగుమతుల విలువ లక్ష కోట్ల యువాన్లను దాటింది. పవన, సౌర విద్యుత్తులకు కలిపి 2030కి నిర్దేశించుకున్న 1,200 గిగావాట్ల లక్ష్యం 2024లోనే నెరవేరింది.

అయితే, ఉత్పత్తి సామర్థ్యం పెరిగినంత వేగంగా దానిని వినియోగించే వ్యవస్థ పెరగలేదు. 2016లో ఉత్పత్తికి అవకాశమున్న పవన విద్యుత్తులో దేశవ్యాప్తంగా సుమారు 17 శాతం, గన్సు ప్రావిన్సులో 43 శాతం గ్రిడ్ స్వీకరించలేక వృథా అయింది. ఇటీవల మితిమీరిన ఉత్పత్తి వలన ఫలకాల ధరలు పతనమై తయారీ సంస్థలు నష్టపోయాయి. విద్యుదుత్పత్తిలో సగానికి పైగా నేటికీ బొగ్గు నుండే లభిస్తున్నది.

వ్యవసాయ దృష్టితో చింగ్‌హై ప్రావిన్సులోని తాలాతాన్ అనుభవం గమనార్హం. ఎడారీకరణకు గురైన ఆ పచ్చిక భూమిలో నెలకొల్పిన సౌర ఫలకాలు గాలి వేగాన్ని, నేల తేమ ఆవిరి కావడాన్ని తగ్గించాయి. ఫలకాలను కడిగిన నీరు నేలకు చేరింది. గడ్డి ఏపుగా పెరిగి ఫలకాలను కప్పే స్థితి రాగా, స్థానిక పశుపోషకుల గొర్రెలను అక్కడ మేపుకు అనుమతించారు. ఒకే భూమి విద్యుత్తును, పశుగ్రాసాన్ని ఇవ్వసాగింది.

మన దేశంలో 2019లో ప్రారంభమైన పి.ఎం.-కుసుమ్ పథకం ద్వారా సౌర పంపుసెట్లు రైతులకు చేరుతున్నాయి. సౌర పంపుకు ఇంధన వ్యయం లేనందున, నీటిని మితంగా తోడవలసిన ఆర్థిక కారణం రైతుకు ఉండదు. గన్సులో గ్రిడ్ ఎలా పరిమితి అయినదో, ఇక్కడ భూగర్భ జలం అలాగే పరిమితి కాగలదు. కావున సౌర పంపుతో పాటు బిందు సేద్యాన్ని, ఆరుతడి పంటలను, నీటి మట్టపు పరిశీలనను ఒకే సిఫారసుగా రైతుకు అందించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.