పదునుంటేనే పదిలం

ఫాల్స్ సీలింగ్ పని నడుస్తున్న ఫ్లాటులో ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. జిప్సం బోర్డును గోడకు ఆనించి, దాని మీద అల్యూమినియం పట్టీ అదిమిపట్టి, పనివాడు కట్టర్‌తో పైనుంచి కిందికి ఒక గీత లాగుతాడు. బోర్డు వెనక గీత ఉన్నచోట మోకాలు ఆనించి, రెండు అంచులనూ తనవైపు లాక్కుంటాడు. టప్పున విరుగుతుంది. వెనకవైపు మిగిలిన కాగితాన్ని కోస్తే రెండు ముక్కలు చేతికొస్తాయి. బోర్డు మందం 12.5 మిల్లీమీటర్లు. బ్లేడు దిగింది మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లే.

జిప్సం పెళుసు పదార్థం. ఆ బోర్డుకు వంగినా విరగని బలం ఇచ్చేది రెండువైపులా అంటించిన మందపాటి కాగితం. బోర్డును వంచినప్పుడు వెలుపలి వైపు సాగుతుంది, ఆ సాగుడును కాగితం భరిస్తుంది. కాగితం తెగిందంటే లాగుడంతా గీత అడుగున ఒక్కచోటికి చేరుతుంది, అక్కడినుంచి పగులు పరుగెడుతుంది. చిన్న పగులు పెద్ద వస్తువును ఎలా విరగ్గొడుతుందో బ్రిటన్ ఇంజనీరు ఎ.ఎ. గ్రిఫిత్ గాజు మీద ప్రయోగాలు చేసి 1921లో వివరించాడు. అద్దాల షాపువాళ్లు గాజును గీసి విరిచేదీ ఈ సూత్రంతోనే.

అంటే కట్టర్‌తో చేసే పనిలో బలం పాత్ర చాలా తక్కువ. సైటులో చేతులు తెగేది చాలావరకు ఈ సంగతి మరిచిపోయి బలం ఉపయోగించినప్పుడే.

కోయడం అంటే తక్కువ వైశాల్యం మీద ఎక్కువ పీడనం కలిగించడం. బ్లేడు అంచు మొద్దుబారి పది రెట్లు వెడల్పయిందనుకుంటే, అదే పీడనం కోసం చేయి దాదాపు పది రెట్లు నొక్కాలి. అందుకే మొండి కత్తి టమాటాను చిదిమేస్తుంది తప్ప కోయదు. పదునైన కత్తయినా నిటారుగా నొక్కితే కష్టపడుతుంది, ముందుకూ వెనక్కూ లాగితే సులువుగా దిగుతుంది. పక్కకు లాగే కదలిక వల్ల కిందికి నొక్కాల్సిన బలం తగ్గుతుంది.

జిప్సం పొడి, సిమెంటు ధూళి, ఇసుక రేణువులు బ్లేడును తొందరగా అరగదీస్తాయి. పనివాడికి అది తెలియదు, చేయి మాత్రం తనంతట తానే ఎక్కువ నొక్కడం మొదలుపెడుతుంది. బోర్డు చివర్లోనో, కేబుల్ తొడుగు తెగిపోయిన క్షణంలోనో బ్లేడుకున్న అడ్డు ఒక్కసారిగా మాయమవుతుంది. కండరాలు మాత్రం ఇంకా తోస్తూనే ఉంటాయి. జారిందని గ్రహించి చేయి ఆగడానికి మనిషికి సెకనులో అయిదో వంతు కాలం పడుతుంది. చేయి సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతోందనుకుంటే, ఈలోగా బ్లేడు 20 సెంటీమీటర్లు దూసుకుపోతుంది. దాదాపు జానెడు దూరం. ‘జాగ్రత్తగా ఉంటే చాలు’ అన్న మాట ఇక్కడ పనిచేయదు. ఎంత చురుకైన మనిషైనా ఆ జానెడులో బ్లేడును ఆపలేడు.

ఆ దారిలో ఏముందన్నదే అసలు ప్రశ్న. చాలాసార్లు ఉండేది పట్టీని పట్టుకున్న ఎడమచేతి బొటనవేలు, చూపుడు వేలు. వేలి లోపలివైపు చర్మం కిందే వేలిని ముడిచే టెండన్లు ఉంటాయి. వాటికి ఇరుపక్కలా ఒక్కో నరం, ఒక్కో రక్తనాళం పోతాయి. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల టెండన్ తెగితే వేలు ముడుచుకోదు. తెగిన కొస లోపలికి జరిగిపోతుంది, ఆపరేషన్ లేకుండా తిరిగి కలవదు. నరం తెగితే వేలికొన మొద్దుబారుతుంది. బోర్డును తొడమీద పెట్టుకుని కోయడం ఇంకా ప్రమాదం. తొడ లోపలివైపు కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని ఉంటుంది.

కాబట్టి కోసే ముందు ‘ఇది జారితే ఎటు పోతుంది?’ అని చూసుకోవాలి. ఆ దారిలో వేలు, తొడ, కడుపు, పక్కనున్న మనిషి, ఏదీ ఉండకూడదు. పట్టీని పట్టే వేళ్లు అంచు దాటి బయటికి రాకూడదు. మొదటి గీత తేలిగ్గా గీస్తే అదే గాడి అవుతుంది, రెండోసారి బ్లేడు దాన్ని పట్టుకుని పోతుంది. ఒక్కసారి బలంగా లాగడంకన్నా మూడుసార్లు తేలిగ్గా లాగడం మేలు. వైరు తొక్క తీయడానికి స్ట్రిప్పర్ ఉంది, కట్టర్‌తో బొటనవేలివైపు లాక్కోవాల్సిన పనిలేదు.

ఇప్పుడు బ్లేడు సంగతి. గళ్లు గళ్లుగా విరుచుకునే బ్లేడును 1956లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా తయారుచేశాడు. ప్రింటింగ్ పనిలో కాగితాలు కోసీ కోసీ మొద్దుబారిన బ్లేడ్లతో విసిగిపోయిన మనిషి. మొద్దుబారిన గాజు పెంకును విరిచి కొత్త అంచు తెచ్చుకునే చెప్పులు కుట్టేవాళ్లూ, గళ్ల గీతల వెంట విరిగే చాక్లెట్ బిళ్లలూ అతనికి ఈ ఆలోచన ఇచ్చాయి. కొత్త పదును చేతిలోనే ఉంటుందన్నది ఈ బ్లేడు గొప్పదనం. గడి విరవడానికి మనసొప్పకపోతే ఆ గొప్పదనం వృథా.

ఈ సౌకర్యానికి ఒక వెల ఉంది. విరవడం కోసం పెట్టిన గీతలే బ్లేడుకు బలహీనమైన చోట్లు. సైటులో ఎక్కువగా వాడే 18 మిల్లీమీటర్ల బ్లేడు మందం అర మిల్లీమీటరే. దాన్ని రెట్టింపు పొడవు బయటికి తీస్తే, పక్కకు అదే బలం తగిలినా బ్లేడు మొదలు దగ్గర వంపు భారం రెట్టింపవుతుంది, కొన వంగడం ఎనిమిది రెట్లవుతుంది. గట్టి ఉక్కు కాబట్టి కొద్దిగా వంగి, ఆపై ఠక్కున విరుగుతుంది. ఆ ముక్క కంటివైపు ఎగరొచ్చు. పనికి కావలసినంతే, ఒకటి రెండు గళ్లు బయటికి తీసి తాళం వేయాలి. రంగు డబ్బా మూత లేపడం, మేకు పెకలించడం కట్టర్ పని కాదు. వదలగానే స్ప్రింగుతో బ్లేడు లోపలికి పోయే కట్టర్లు కూడా దొరుకుతాయి. నిచ్చెన మీద పనిచేసేవాళ్లకు అవి మరీ మంచివి.

కోతను తట్టుకునే గ్లవ్స్ పట్టీ పట్టే చేతికి తప్పక మేలు చేస్తాయి. అయితే వాటికీ హద్దుంది. యూరోపు ప్రమాణం ఈఎన్ 388 ప్రకారం వీటికి ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ దాకా గ్రేడ్లు ఇస్తారు. 20 మిల్లీమీటర్లు జరిగేలోగా బట్టను తెంచడానికి బ్లేడు మీద ఎంత బలం కావాలో కొలుస్తారు. ‘ఏ’కి 2 న్యూటన్లు, అంటే సుమారు 200 గ్రాముల బరువు. ‘ఎఫ్’కి 30 న్యూటన్లు, సుమారు 3 కిలోలు. మొండి బ్లేడును నొక్కే చేయి అంతకన్నా ఎక్కువ బలమే పెట్టగలదు. పైగా ఇది అంచు కోతకు చేసే పరీక్ష, కొన గుచ్చుకోవడం వేరే లెక్క.

విరిచిన గళ్లను అక్కడే పారేయడం మన సైట్లలో బాగా అలవాటు. ఇసుకలో కలిసిన ముక్క రేపు మాలు కలిపే మనిషి చేతికో, చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల కాలికో దిగుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, బ్లేడును ముఖానికి దూరంగా పట్టుకుని, కటింగ్ ప్లయర్‌తో విరవాలి. ముక్కల్ని మూతున్న పాత డబ్బాలో వేయాలి. కింద పడినవాటిని అయస్కాంతంతో ఏరొచ్చు, అవి మామూలుగా కార్బన్ ఉక్కువే.

చేయి తెగితే పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టి, చేతిని ఎత్తి ఉంచాలి. మధ్యలో గుడ్డ తీసి చూడకూడదు. వేలు ముడవలేకపోయినా, తిమ్మిరిగా ఉన్నా, రక్తం ఆగకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా సంగతి అక్కడ అడగాలి.

మేస్త్రీలకూ, కాంట్రాక్టర్లకూ, ఇల్లు కట్టించుకునే యజమానులకూ ఒక్క మాట. కొత్త బ్లేడ్ల డబ్బాను పనివాళ్లకు అందేచోట ఉంచండి, అడగకుండానే తీసుకోనివ్వండి. దాని ఖరీదు ఒక మనిషి ఒక్కరోజు కూలి కన్నా చాలా తక్కువ. టెండన్ తెగిన వేలికి పోయేది ఒక్కరోజు కూలి కాదు, నెలల పని.