రెండు గాజుపలకల మధ్య టైటన్

1980 నవంబరులో శనిగ్రహం దగ్గరికి వెళ్ళిన వాయేజర్-1 వ్యోమనౌకకు, దాని అతిపెద్ద ఉపగ్రహం టైటన్ నేల కనబడనేలేదు. నారింజరంగు పొగమంచు చుట్టూ కమ్ముకుని ఉంది. గాలిలో అధికభాగం నత్రజని, కాస్త మీథేన్. రెంటికీ రంగు లేదు. మరి ఆ రంగెక్కడిది?

జవాబు వెతికిన పరికరానికి పూర్వీకుడు 1953 నాటి స్టాన్లీ మిల్లర్ గాజుకుప్పె. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటియావిరి ఉన్న కుప్పెలో విద్యుత్ మెరుపులు పుట్టించి అతను అమైనో ఆమ్లాలు రాబట్టాడు. ఆ పద్ధతిని టైటన్ వైపు మళ్ళించినవారు కార్నెల్ విశ్వవిద్యాలయంలో కార్ల్ సేగన్, ఆయన సహచరుడు, వారణాసిలో పుట్టిన బిషున్ ఖరే. తొంభై పాళ్ళు నత్రజని, పది పాళ్ళు మీథేన్ కలిపి, పీడనాన్ని మన గాలిలో ఐదువేలవ వంతుకు దించి, అందులో విద్యుత్తు పారించారు. గోధుమరంగు పదార్థం తయారైంది. ఇలాంటివాటికి వాళ్ళు 1979లోనే ‘థోలిన్’ అని పేరు పెట్టారు. అది ఎక్స్-కిరణాల నుంచి మైక్రోవేవ్‌ల దాకా కాంతిని ఎలా పీల్చుకుంటుందో కొలిచి 1984లో ప్రచురించారు. టైటన్ మీద పనిచేసేవాళ్ళు నేటికీ ఆ అంకెలు తిరగేస్తారు. సేగన్ పేరు ఊరూరా తెలుసు. ఖరే పేరు కూడా అంత గట్టిగానే చెప్పుకోవాలి.

అయితే ఈ పరికరాలు చూపింది టైటన్ గాలిలో పైఅంతస్తునే. అక్కడ సూర్యుడి తీవ్రమైన అతినీలలోహిత కాంతి అణువులను విడగొడుతుంది. ఆ కాంతిని పైపొరలే మింగేస్తాయి కాబట్టి, కింద రసాయనక్రియలు జరగవని చాలాకాలం అనుకున్నారు.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినవాడు అమెరికాలోని పాసడీనాలో, నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసే మూర్తి గుడిపాటి. పైన పుట్టిన అణువులు కిందికి దిగేకొద్దీ చలికి గడ్డకడతాయి. వాటిలో డైసయనోఎసిటిలీన్ ఒకటి: నాలుగు కార్బన్లు, రెండు నత్రజని పరమాణువులు. గుడిపాటి బృందం దాన్ని రెండు గాజుపలకల మధ్య మంచుగా పేర్చి లేజర్ కాంతి ప్రసరింపజేసింది. తరంగదైర్ఘ్యం 355 నానోమీటర్ల వరకూ పెంచారు. ఆ కాంతి టైటన్ గాలిలో కిందిదాకా చేరుతుంది, కానీ బాగా పలచగా, గ్రహణం కళ్ళద్దాల్లోంచి మనకు కనబడే వెలుగంత. దానికి నత్రజనిని విడగొట్టే సత్తా లేదు. అయినా పలకల మధ్య గోధుమరంగు మసక అలుముకుంది. మంచులోని అణువులు ఒకదానికొకటి కలిసి పెద్ద అణువులయ్యాయి. 2013లో ఈ ఫలితం వెలువడింది.

నాకు ఇందులో గొప్పగా తోచేది పరికరం సాదాతనం. మెరుపుల్లేవు, సుడులు తిరిగే వాయువుల్లేవు. చలి, కాంతి, పలుచని మంచుపొర, అంతే. వాయువులో విడివిడిగా తిరిగే అణువులకు మంచులో పొరుగు దొరుకుతుంది. కాంతి తాకగానే జతకట్టడానికి పక్కనే మరొక అణువు ఉంటుంది.

ఇక మిగిలింది అసలు పదార్థంతో పోల్చి చూడటం. 2028లో బయలుదేరవలసిన నాసా వ్యోమనౌక డ్రాగన్‌ఫ్లై 2034లో టైటన్ చేరి, చోటు నుంచి చోటుకు ఎగురుతూ నేలను తవ్వి, ఆ నమూనాలను తనలోని, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అందిస్తుంది.