కొబ్బరితోటలు కూలినా కూలని నిరీక్షణ



నవంబరు నెల వచ్చిందంటే కోనసీమలో పెద్దవారి మనస్సు 1996కు వెళ్లిపోతుంది. ఆ సంవత్సరము నవంబరు 6, బుధవారము రాత్రి, అప్పటి తూర్పు గోదావరి జిల్లా తీరమును తుఫాను తాకింది. ఇండ్ల పైకప్పులు లేచిపోయాయి. వరిచేలు నీట మునిగాయి. తరతరాలుగా అన్నము పెట్టిన కొబ్బరితోటలు నేలకొరిగాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. గోదావరి సముద్రములో కలిసేచోట ఉన్న భైరవపాలెము నుండి వేటకు వెళ్లిన మత్స్యకారులలో అనేకులు తిరిగి రాలేదు.

నవంబరు 2న, సమాధుల పండుగ నాడు, మనము సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. సముద్రము తీసుకుపోయిన వారి భార్యాబిడ్డలకు కొవ్వొత్తి పెట్టుకొనడానికి సమాధి కూడా లేదు. అట్టివారితో "ధైర్యము తెచ్చుకోండి" అని చెప్పి లేచి రావడము సులువే. ఆ ధైర్యము ఎక్కడ నుండి వస్తుంది?

కష్టము వచ్చిన ఇంటిని చూచి "ఏ పాపము చేశారో" అనేవారు మన సంఘములలోనూ ఉన్నారు. లూకా సువార్త 13వ అధ్యాయము చూడండి. సిలోయములో గోపురము కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ఎత్తి, వారు మిగిలినవారికంటె పెద్ద పాపులు కారని ప్రభువు తేల్చి చెప్పారు. వింటున్న వారందరినీ మారుమనస్సుకు పిలిచారు. తుఫాను గాలి గుమ్మము మీద సిలువ ఉన్నదా లేదా అని చూచి వీచలేదు. దుఃఖములో ఉన్నవారి మీద నింద కూడా మోపే అధికారము మనకెవ్వరు ఇచ్చారు?

ఏడ్వడము అవిశ్వాసమని కొందరు భయపడతారు. 88వ కీర్తన మొదలు నుండి చివర వరకు మొరయే; చీకటితోనే ముగుస్తుంది. అయినా దేవుడు దానిని తన గ్రంథములో ఉంచాడు. మార్కు 4వ అధ్యాయములో పడవ మునిగిపోతుండగా శిష్యులు, మా సంగతి నీకు పట్టదా అన్నట్లు ప్రభువును లేపారు. ఆయన వారిని తోసివేయలేదు. ముందు గాలిని, అలలను అణచి, ఆ తరువాతనే వారి విశ్వాసమును గూర్చి అడిగారు. లాజరు సమాధి దగ్గర ఏడ్చిన ప్రభువు మన కన్నీళ్లను తప్పు పట్టడు.

హబక్కూకు ప్రవక్త తన గ్రంథము చివర అంజూరము పూయకపోయినా, ద్రాక్ష ఫలింపకపోయినా, పొలము పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా దేవునియందు ఆనందిస్తానన్నాడు. ఆయన నష్టమును దాచలేదు. ఒక్కొక్కటి పేరుపెట్టి లెక్కించాడు. ఆ లెక్క అంతా అయిన తరువాత కూడా దేవుడు మిగిలి ఉన్నాడని చూచాడు. సమాధానము అంటే అదే. నొప్పి లేకపోవడము కాదు, నొప్పిలో ఒంటరిగా లేకపోవడము.

మన నేల మీద కూడా ఈ పాఠము ఉన్నది. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మొదళ్లతో సహా తోట పడిపోయిన చోట మరల గొయ్యి తీసి మొక్క పెట్టినవానికి ఆ రోజు ఒక్క కాయ కూడా కనబడలేదు. అయినా పెట్టాడు, నీళ్లు పోశాడు. ధైర్యము తరచుగా ఇంత చిన్న పనిగానే ఉంటుంది: పొయ్యి వెలిగించడము, పిల్లలను బడికి పంపడము, రాత్రి రెండు మాటలు ప్రార్థించడము.

ఇప్పుడు శ్రమలో ఉన్న సహోదరీ సహోదరులారా, దేవునితో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. నిద్ర, ఆకలి వారాల తరబడి లేకపోతే వైద్యుని దగ్గరకు వెళ్లండి. అది విశ్వాసములో లోపము కాదు. మిగిలినవారము యోబు స్నేహితుల తొలి పని నేర్చుకుందాము. ఏడు దినములు వారు మౌనముగా అతనితో నేల మీద కూర్చున్నారు. మాటలు మొదలుపెట్టిన తరువాతనే వారు అతనిని గాయపరచారు.

ఈ నవంబరులో మీ పేటలో సమాధి లేని దుఃఖము గల ఇల్లు ఒకటి ఉంటే వెళ్లి కాసేపు కూర్చోండి. పోయినవారి పేరు వారి నోట పలకనివ్వండి. సమాధానకర్తయగు ప్రభువు ఆ ఇంటికిని మీ ఇంటికిని తోడైయుండును గాక. ఆమేన్.