మీకు తెలుసా? మగ్గానికీ ఓ ఓపెన్ సోర్స్ యాప్ ఉంది

సిరిసిల్ల అంటే మరమగ్గాల చప్పుడు. జకార్డు మీద అంచు, బుటా నేయాలంటే ముందు గ్రాఫ్ కాగితంపై గడి గడికీ రంగు నింపాలి, ఆ లెక్కతో అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఈ పనికోసమే కేంద్ర ప్రభుత్వ సంస్థ డిజిటల్ ఇండియా కార్పొరేషన్ ‘డిజిబునాయ్’ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. బొమ్మ గీయడం, అల్లిక ఎంచుకోవడం, దారం రంగులు మార్చి చూడడం అన్నీ కంప్యూటర్ తెర మీదే. నూలు ఖర్చు కాకముందే బట్ట ఎలా వస్తుందో కనబడుతుంది. నాలుగు మగ్గాలున్న చిన్న ఆసామికి ఇది నిజంగా పెద్ద అండ.

మగ్గానికే కాదు, కోరుట్ల, జగిత్యాలలో పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ దుకాణాలకూ ఇంక్‌స్కేప్ అనే ఓపెన్ సోర్స్ డ్రాయింగ్ యాప్ అక్కరకొస్తుంది. 2003లో మొదలైన ఈ యాప్‌లో యూనికోడ్ తెలుగు నేరుగా టైపు చేయవచ్చు. మండలి, రామభద్ర, సూరన్న వంటి అందమైన ఫాంట్లూ ఉచితమే; వ్యాపారానికి వాడుకున్నా రుసుము లేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పంపేముందు మాత్రం రంగులు ఒకసారి సరిచూసుకోవాలి.

పాత తెలుగు పుస్తకం పేజీని స్కాన్ చేస్తే టెసరాక్ట్ అనే మరో ప్రోగ్రామ్ దాన్ని దిద్దుకోగల అక్షరాలుగా మారుస్తుంది. హెచ్‌పీ ప్రయోగశాలలో 1980లలో పుట్టిన ఈ ప్రోగ్రామ్ 2005లో ఓపెన్ సోర్స్ అయింది. ఒత్తుల దగ్గర తడబడుతుంది కాబట్టి ప్రూఫు చూడక తప్పదు. దిద్దిన పాఠాన్ని ఓపెన్ సోర్స్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో పెట్టుకుంటే, మెనూలు కూడా తెలుగులోనే కనిపించేలా మార్చుకోవచ్చు.